ఎస్ట్రిన్–బెర్లినర్: ఓపెనింగ్ లెక్క ఎండ్‌గేమ్‌లో తేలిన ఉత్తరాల ఆట

ఐదో ప్రపంచ కరస్పాండెన్స్ చెస్ (ఎత్తుల్ని ఉత్తరాల్లో పంపుకుంటూ ఆడే చదరంగం) ఛాంపియన్‌షిప్ ఫైనల్ 1965లో మొదలై 1968లో ముగిసింది. అందులో సోవియట్ ఆటగాడు యాకొవ్ ఎస్ట్రిన్ తెల్లపావులతో, అమెరికన్ హాన్స్ బెర్లినర్ నల్లపావులతో ఆడిన ఆట 42 ఎత్తులు సాగింది. దాన్ని గుర్తుచేసుకునేవాళ్లు ముందుగా చెప్పేది నల్ల 14వ ఎత్తు గురించే. అది గొప్ప ఎత్తే, సందేహం లేదు. కాని అక్కడ ఆగిపోతే ఆటలో సగమే చూసినట్టు. నల్ల పెట్టిన పెట్టుబడి గిట్టిందో లేదో 28వ ఎత్తు తర్వాత, ఇరువైపులా ఒక్కో ఏనుగూ మూడు నాలుగు బంట్లకు మించని బలగమూ మిగిలాక గాని తేలలేదు. ఉత్తరాల ఆటలో ఓపెనింగ్ (తొలి ఎత్తుల) విశ్లేషణ ఎంత దూరం వెళ్లాలి అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

గళ్ల పేర్లు మామూలు పద్ధతిలోనే ఉన్నాయి. తెల్ల వైపు నుంచి చూస్తే నిలువు వరుసలు ఎడమ నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్; అడ్డవరుసలు 1 నుంచి 8. శకటు అంటే బిషప్, మంత్రి అంటే క్వీన్. పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు. × గుర్తు ఉంటే ఆ గడిలోని పావును కొట్టినట్టు, + ఉంటే చెక్. 0–0 అంటే రాజు వైపు కాస్లింగ్, అంటే రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదలడం. ఎత్తు సంఖ్య తర్వాత మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు. పక్కన ఒక బల్ల పరుచుకుని చదివితే సులువు.

1. ఇ4, ఇ5, 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6, 3. శకటు సి4, గుర్రం ఎఫ్6, 4. గుర్రం జి5, డి5, 5. ఇ×డి5, బి5; 6. శకటు ఎఫ్1, గుర్రం డి4, 7. సి3, గుర్రం×డి5, 8. గుర్రం ఇ4, మంత్రి హెచ్4, 9. గుర్రం జి3, శకటు జి4, 10. ఎఫ్3, ఇ4, 11. సి×డి4, శకటు డి6; 12. శకటు×బి5+, రాజు డి8, 13. 0–0, ఇ×ఎఫ్3, 14. ఏనుగు×ఎఫ్3, ఏనుగు బి8.

మూడో ఎత్తు పూర్తయ్యేసరికి వచ్చేది టూ నైట్స్ డిఫెన్స్ అనే ఓపెనింగ్. 4. గుర్రం జి5తో తెల్ల చేసే పని బాహాటమే. శకటూ గుర్రమూ రెండూ ఎఫ్7 మీద గురిపెడతాయి, ఆ గడిని కాసేది నల్ల రాజొక్కడే. అప్పటికి ఒకసారి కదిలిన గుర్రాన్నే మళ్లీ కదపడం నచ్చక జర్మన్ ఆటగాడు టరాష్ దీన్ని చేతకానివాళ్ల ఎత్తని ఈసడించాడు. అయినా ఈ ఎత్తు చావలేదు, ఇవాళ్టికీ పెద్ద ఆటగాళ్లు వేస్తూనే ఉన్నారు. తెల్లకు ఒక బంటు చేతికొస్తుంది, దానికి బదులు నల్లకు వేగం వస్తుంది. ఆ రెంటిలో ఏది బరువన్నదే ఈ ఓపెనింగ్ మొత్తంలో తగువు.

5. ఇ×డి5 తర్వాత గుర్రంతో తిరిగి కొట్టడం సహజంగా కనిపిస్తుంది. అప్పుడు 6. గుర్రం×ఎఫ్7, రాజు×ఎఫ్7, 7. మంత్రి ఎఫ్3+ వస్తే డి5 గుర్రాన్ని కాపాడుకోవడానికి నల్ల రాజు ఇ6 దాకా నడిబల్ల మీదికి రావాలి. ఫ్రైడ్ లివర్ అటాక్ అనేది అదే. ఎదురుగా కూర్చుని ఆడేటప్పుడు ఈ దాడికి తట్టుకుని నిలబడటం కష్టం. ఎత్తుకు మూడు రోజులు దొరికే ఆటలోనూ దానికి ఇష్టపడి దిగేవాళ్లు తక్కువే. ఎక్కువమంది 5...గుర్రం ఎ5 వేస్తారు. 6. శకటు బి5+, సి6; 7. డి×సి6, బి×సి6 అయ్యాక నల్లకు ఒక బంటు తక్కువ, కాని పావులు త్వరగా బయటికి వస్తాయి.

బెర్లినర్ దారి వేరు. 5...బి5ను అమెరికన్ ఆటగాడు ఓలఫ్ ఉల్వెస్టాడ్ పేరుతో పిలుస్తారు. 5...గుర్రం డి4ది జర్మన్ ఆటగాడు అలెగ్జాండర్ ఫ్రిట్జ్ పేరు. ఆయన సూచించిన ఈ ఎత్తు మీద కార్ల్ ష్లెక్టర్ 1904లో వ్యాసం రాశాడు. రెండూ ఒకే చోటికి చేరగలవు: ఫ్రిట్జ్ వరుసలో 6. సి3, బి5, 7. శకటు ఎఫ్1, గుర్రం×డి5 అని వెళ్లినా ఈ ఆటలోని స్థితే వస్తుంది. తేడా అల్లా దారిలో తెల్లకు దొరికే పక్కసందులు. గుర్రం ముందు డి4కు వెళ్తే తెల్లకు 6. డి6 అనే తోవ ఒకటి తెరుచుకుంటుంది. ఎదుటివాడికి ఎక్కడెక్కడ ఎన్ని తోవలు మిగులుతాయో లెక్కపెట్టుకుని వరుస ఎంచుకోవడం ఉత్తరాల ఆటలో ఓపెనింగ్ తయారీకి మొదటి మెట్టు.

6. శకటు ఎఫ్1 మొదటిసారి చూసినవాళ్లకు నవ్వు తెప్పించే ఎత్తు. బయటికి వచ్చిన శకటు తిరిగి పుట్టింటికి పోవడమేమిటి? బి5 బంటును కొడితే ఏమవుతుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. 6. శకటు×బి5 అంటే మంత్రి×డి5 వస్తుంది. అక్కడి నుంచి నల్ల మంత్రి ఒక చేత్తో బి5 శకటునూ ఇంకో చేత్తో జి2 బంటునూ పట్టుకుంటుంది. శకటు ఎఫ్1లో ఉంటే జి2కు కాపలా ఉంటుంది. కాబట్టి మంత్రి×డి5 వేసినా గుర్రం సి3తో తెల్ల దాన్ని తరుముతుంది, బి5 బంటు కూడా గాలిలోనే ఉంటుంది. అలాగే 6...గుర్రం×డి5కి ఇప్పుడు 7. శకటు×బి5 హాయిగా వేసుకోవచ్చు.

7...గుర్రం×డి5తో బల్ల వేడెక్కుతుంది. ఎఫ్6 గుర్రం తప్పుకోవడంతో నల్ల మంత్రికి జి5 దాకా దారి తెరుచుకుంది. అంటే డి4లోని నల్ల గుర్రం తెల్ల బంటు నోట్లో ఉంది, జి5లోని తెల్ల గుర్రం నల్ల మంత్రి నోట్లో ఉంది. 8. సి×డి4, మంత్రి×జి5 ఒక పెద్ద శాఖ. ఎస్ట్రిన్ వేసిన 8. గుర్రం ఇ4 తన గుర్రాన్ని కాపాడుకుంటూ ఎదుటి గుర్రాన్ని తేరగా అందేలా వదిలే ఎత్తు. ఇక్కడ నల్ల 8...గుర్రం ఇ6 అని సర్దుకుపోవచ్చు. బెర్లినర్ సర్దుకోలేదు. 8...మంత్రి హెచ్4 ఇ4 గుర్రాన్ని ముట్టడిస్తుంది, 9. సి×డి4 అని ఆశపడితే మంత్రి×ఇ4+. అందుకే 9. గుర్రం జి3. ఆ తర్వాత 9...శకటు జి4, 10...ఇ4 అని నల్ల మరో రెండు ఎత్తులు డి4 గుర్రాన్ని పట్టించుకోకుండానే వేసింది. 10. ఎఫ్3తో జి4 శకటు కూడా దాడిలో పడింది, దాన్నీ కదపలేదు.

11...శకటు డి6కి కారణం హెచ్ వరుసలో ఉంది. జి3 గుర్రాన్ని శకటు కొడితే హెచ్2 బంటుతో తిరిగి కొట్టాలి. ఆ బంటు పక్కకు జరిగిందంటే హెచ్4 మంత్రికి హెచ్1 ఏనుగు నేరుగా దొరుకుతుంది. పైకి కాపలా ఉన్నట్టు కనిపించే గుర్రానికి నిజంగా కాపలా లేదన్నమాట. 12. శకటు×బి5+తో తెల్లకు రెండు లాభాలు: ఒక బంటు, కాస్లింగ్‌కు ఎఫ్1 ఖాళీ. నల్ల రాజు డి8కి వెళ్లి కాస్లింగ్ హక్కు పోగొట్టుకుంది. అయినా ప్రస్తుతానికి ఆ రాజు మీదికి వెళ్లే పావు తెల్లకు లేదు. ఎ1లో ఏనుగు, బి1లో గుర్రం, సి1లో శకటు ఆట మొదలైనప్పటి గళ్లలోనే కూర్చున్నాయి.

14. ఏనుగు×ఎఫ్3 దగ్గర ఆగి లెక్క వేస్తే తెల్లకు మంత్రి, రెండు ఏనుగులు, రెండు శకటులు, రెండు గుర్రాలు, ఆరు బంట్లు. నల్లకు మంత్రి, రెండు ఏనుగులు, రెండు శకటులు, ఒక గుర్రం, ఐదు బంట్లు. ఒక గుర్రమూ ఒక బంటూ తక్కువ. చేతికందేలా ఎఫ్3లో ఏనుగుంది. 14...శకటు×ఎఫ్3 వెంటనే వేస్తే ఏనుగుకు శకటును మార్చుకున్నట్టే కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కల్లా 15. మంత్రి×ఎఫ్3 దగ్గర వస్తుంది. తెల్ల మంత్రి ఒక్క గెంతులో ఆటలోకి దిగి డి5 గుర్రాన్నీ ఎఫ్7 బంటునూ చూస్తుంది, బి1 గుర్రం సి3కి రావడానికి సిద్ధమవుతుంది. నల్ల దాడి పదును అంతా ఆ ఒక్క ఎత్తుతో మొద్దుబారుతుంది.

14...ఏనుగు బి8 ముందు బి5 శకటును కదిలిస్తుంది. అది ఇ2కు వచ్చిందంటే డి1 నుంచి ఎఫ్3కి మంత్రి వచ్చే ఏటవాలు దారిని తన శకటే మూసేస్తుంది. అప్పుడు 15...శకటు×ఎఫ్3కి తిరిగి కొట్టేది మంత్రి కాదు, శకటు. మంత్రి డి1లోనే ఉండిపోతుంది. కొట్టడాన్ని ఒక్క ఎత్తు వాయిదా వేసి, ఎదుటి బలగంలో ఎవరు తిరిగి కొట్టాలో నల్లే నిర్ణయించింది. పైగా ఎ8లో పడి ఉన్న ఏనుగు ఉచితంగా ఆటలోకి వచ్చింది. ఎస్ట్రిన్ ఈ డిఫెన్స్ మీద పుస్తకం రాసినంత నిపుణుడు, తర్వాత ఏడో ప్రపంచ కరస్పాండెన్స్ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు. అంతటివాడిని అతని సొంత పొలంలోనే పట్టుకోవాలంటే తెలిసిన దారి చివర ఇలాంటి కొత్త ఎత్తొకటి చేతిలో ఉండాలి.

15. శకటు ఇ2, శకటు×ఎఫ్3; 16. శకటు×ఎఫ్3, మంత్రి×డి4+, 17. రాజు హెచ్1, శకటు×జి3, 18. హెచ్×జి3, ఏనుగు బి6, 19. డి3, గుర్రం ఇ3, 20. శకటు×ఇ3, మంత్రి×ఇ3, 21. శకటు జి4, హెచ్5, 22. శకటు హెచ్3, జి5, 23. గుర్రం డి2, జి4, 24. గుర్రం సి4, మంత్రి×జి3, 25. గుర్రం×బి6, జి×హెచ్3, 26. మంత్రి ఎఫ్3, హెచ్×జి2+, 27. మంత్రి×జి2, మంత్రి×జి2+; 28. రాజు×జి2, సి×బి6.

15వ ఎత్తులో తెల్లకు ఇంకో దారి లేదా? ఉంది. 15. శకటు ఎఫ్1 వేస్తే ఏటవాలు దారి తెరిచే ఉంటుంది, జి2కు కాపలా కూడా దొరుకుతుంది. అప్పుడు నల్ల ఎఫ్3 ఏనుగు మీద ఆశపడి కొడితే 16. మంత్రి×ఎఫ్3 వచ్చి, 14లోనే కొట్టినప్పటి ఇబ్బంది మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఏనుగు ఇ8 లాంటి ఎత్తుతో ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి, గుర్రం తక్కువైనా ఓపిక పట్టాలి. ఇంకా వెనక్కి వెళ్తే, 13లో కాస్లింగ్‌కు బదులు మంత్రి బి3 వేసి డి5 గుర్రాన్ని సవాలు చేయడమూ ఉంది. ఈ రకం ఓపెనింగ్‌లలో ఒక ఆట గెలిచినంతమాత్రాన వేరియేషన్ (ఆ ఎత్తుల వరుస) గెలిచినట్టు కాదు. నల్లకు అసలు బాకీ ఇంకా ఉంది. ఈ ఓపెనింగ్ వేసుకుందామనుకునేవాళ్లు బెర్లినర్ గెలుపు కన్నా ఈ రెండు చోట్లనే ఎక్కువ తవ్వాలి.

18. హెచ్×జి3 దగ్గర పుస్తకం లెక్క (ఏనుగుకు 5 పాయింట్లు, శకటుకూ గుర్రానికీ చెరో 3) వేస్తే తెల్లదే పైచేయి: ఏనుగు, రెండు శకటులు, గుర్రం కలిపి 14, నల్లకు రెండు ఏనుగులు, గుర్రం కలిపి 13, బంట్లు చెరో ఐదు. ఆ 14లో ఏనుగు, గుర్రం, సి1 శకటు కలిపి 11 పాయింట్ల సరుకు ఇంకా గోదాములోనే ఉంది. 18...ఏనుగు బి6 ఆరో అడ్డవరుస మీదుగా హెచ్6కు పోవాలని చూస్తుంది. హెచ్ వరుస తెరుచుకుంది, రాజు హెచ్1లో ఉన్నాడు, జి1 గడిని డి4 మంత్రి పట్టుకుంది. ఎఫ్3 శకటు హెచ్5కు వచ్చి అడ్డుపడవచ్చు గాని అక్కడ కదల్లేక బిగుసుకుపోతుంది.

19. డి3 కేవలం పావుల్ని బయటికి తెచ్చే ఎత్తులా కనిపిస్తుంది. నిజానికి అది రక్షణ. డి2 బంటు తప్పుకోగానే సి1 శకటు చూపు సూటిగా హెచ్6 మీద పడుతుంది. ఏనుగు అక్కడికి వస్తే కొట్టేస్తుంది. 19...గుర్రం ఇ3 ఆ దారి మధ్యలో కూర్చుంటూనే డి1 మంత్రి మీద దాడి చేస్తుంది. 20. శకటు×ఇ3, మంత్రి×ఇ3 అయ్యేసరికి హెచ్6ను చూసే శకటు బల్ల మీదే లేదు, బెదిరింపు మళ్లీ బతికింది. గుర్రాన్ని శకటుకు మార్చుకోవడం పైకి మామూలు మార్పిడే. ఏ శకటును తీశామన్నది ఇక్కడ ముఖ్యం.

21. శకటు జి4 వల్ల ఏనుగు హెచ్6 చెక్ వస్తే శకటు హెచ్3లో అడ్డుపడగలదు. అప్పుడు 21...హెచ్5. ఈ బంటును గుర్తుపెట్టుకోవాలి. ఇప్పటికి దాని పని శకటును తరమడం, జి బంటుకు దన్నుగా నిలవడం. 22...జి5, 23...జి4తో శకటుకు పారిపోయే చోటు లేకుండా పోయింది. 24. గుర్రం సి4 మంత్రినీ బి6 ఏనుగునూ ఒకేసారి పట్టింది. ఎదురుగా ఆడేవాడైతే ఇక్కడ గుండె ఝల్లుమని మంత్రితో సహా వెనక్కి తగ్గేవాడు. 24...మంత్రి×జి3 ఏనుగును వదిలేసింది. గుర్రం ఏనుగును కొట్టగానే జి బంటు శకటును కొట్టి, జి2లో చెక్‌మేట్ బెదిరింపు పెడుతుంది. 26. మంత్రి ఎఫ్3 తప్ప తెల్లకు పెద్దగా దారి లేదు. మంత్రులు పోయాక 28...సి×బి6 చివరి గుర్రాన్నీ తీసేసింది.

పోస్టులో ఆడే ఆటకూ ఎదురుగా కూర్చుని ఆడే ఆటకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఉత్తరాల ఆటల్లో చాలాకాలం సాగిన గడువు 10 ఎత్తులకు 30 రోజులు, ఉత్తరం దారిలో ఉన్న రోజులు అందులోకి రావు. ఆ లెక్కన 42 ఎత్తులకు ఒక్కో ఆటగాడికి 126 రోజుల ఆలోచన సమయం. ఎత్తులన్నీ ఒకేలాంటివి కాదు కాబట్టి అనుభవమున్నవాళ్లు సమయాన్ని పొదుపు చేస్తారు: పుస్తకంలో ఉన్న ఎత్తులకు, ఒకే ఒక్క జవాబున్న ఎత్తులకు అందినరోజే బదులు రాసేసి, మిగిల్చిన రోజుల్ని 14, 24 లాంటి చోట్ల ఖర్చుపెడతారు. ఆ ఫైనల్లో ఒక్కొక్కరూ 16 ఆటలు ఒకేసారి ఆడాలి. బెర్లినర్ ఒక్కటీ ఓడకుండా 12 గెలిచి, 4 డ్రా చేసి, 14 పాయింట్లతో, రెండో స్థానంలో ఉన్నవాడికన్నా 3 పాయింట్లు ముందు నిలిచాడు. తర్వాత ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్తగా హైటెక్ అనే చదరంగం యంత్రాన్ని తయారుచేయించాడు. ఆయన రాసిన బ్యాక్‌గామన్ ప్రోగ్రాం 1979లో ఆ ఆట ప్రపంచ ఛాంపియన్‌నే ఓడించింది.

ఎత్తును ఉత్తరంలో ఎలా రాయాలన్నదీ చిన్న విషయం కాదు. గుర్రానికి రష్యన్‌లో ఒక అక్షరం, జర్మన్‌లో ఇంకొకటి, ఇంగ్లీషులో మరొకటి. ఆ గందరగోళం లేకుండా అంతర్జాతీయ ఆటల్లో అంకెలు వాడతారు. నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు 1 నుంచి 8. ముందు బయల్దేరిన గడి, తర్వాత చేరిన గడి. ఇ2 నుంచి ఇ4 అంటే 5254. కాస్లింగ్‌కు రాజు కదలికే రాస్తారు: ఈ ఆటలో తెల్ల 13వ ఎత్తు 5171. బంటు ఎనిమిదో వరుస చేరితే ఐదో అంకె: మంత్రికి 1, ఏనుగుకు 2, శకటుకు 3, గుర్రానికి 4. నల్ల 14వ ఎత్తు 1828. పొరపాటున 1838 అని రాస్తే ఏనుగు సి8కి పోతుంది. అది నిబంధనలకు లోబడిన ఎత్తే కాబట్టి పంపినవాడు దానికి కట్టుబడాలి. ఇంత అద్భుతమైన ఎత్తు ఒక్క అంకె తేడాలో కొట్టుకుపోయేది.

అలాంటి ప్రమాదాలు చాలావరకు రెండు చోట్ల పుడతాయి. ఒకటి, విశ్లేషణకూ అసలు ఆటకూ ఒకే బల్ల వాడటం. నాలుగెత్తులు ముందుకు కదిపి చూసి, వెనక్కి పెట్టేటప్పుడు ఒక బంటును పక్కగడిలో పెడితే ఆ తర్వాత వేసే ప్రతి ఎత్తూ వేరే ఆటకు జవాబవుతుంది. అసలు స్థితికి ఒక బల్ల, తవ్వకానికి ఇంకోటి ఉంచుకోవాలి. పంపేముందు మొదటి ఎత్తు నుంచి మళ్లీ ఆడి స్థితి సరిచూసుకోవాలి. రెండోది షరతు ఎత్తులు: ‘నువ్వు ఫలానా ఎత్తు వేస్తే నా జవాబు ఇది’ అని ముందే రాసి పంపడం. తప్పనిసరి మార్పిడి వరుసల్లో ఇవి వారాలు మిగులుస్తాయి. ఎదుటివాడికి ఒక్కటి కన్నా ఎక్కువ దారులున్నచోట మాత్రం వాడకూడదు. రాసి పంపాక అంతకన్నా మంచి ఎత్తు కనిపించినా, ఎదుటివాడు ఆ షరతు ప్రకారం ఆడితే తప్పించుకోలేరు.

ఓపెనింగ్ నోట్‌బుక్ విషయంలోనూ ఒక మాట. ‘తెల్ల కొంచెం మెరుగు’ అని ఒక గుర్తు పెట్టి వదిలేస్తే రెండేళ్ల తర్వాత దాన్ని చూసి చేసేదేమీ ఉండదు. ఎందుకు మెరుగో, ఏ మార్పిడి జరిగితే మెరుగు పోతుందో రాసుకోవాలి. ‘ఎఫ్3లో మంత్రి తిరిగి కొట్టగలిగితే తెల్లకు మంచిది, శకటు కొట్టాల్సివస్తే నల్లకు మంచిది’ అన్న ఒక్క వాక్యం ఈ వేరియేషన్ మీద పేజీల కొద్దీ గుర్తుల కన్నా విలువైనది. ఇప్పుడు అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య పోటీల్లో ఇంజన్ (ఎత్తుల్ని లెక్కగట్టే చదరంగం ప్రోగ్రాం) వాడకానికి అనుమతి ఉంది. చాలా ఆన్‌లైన్ వేదికల్లోని రోజువారీ ఆటల్లో నిషేధం. అనుమతి ఉన్నచోట కూడా ఇంజన్ చూపే అంకెను అలాగే నమ్మి పంపేవాళ్లకు అందేది ఎక్కువగా డ్రాలే. ఎదుటివాడి దగ్గరా అదే ఇంజన్ ఉంటుంది. ఇంజన్‌ను ఎక్కడ ఎక్కువసేపు తవ్వమనాలో చెప్పేది మనిషే. పావులు వరుసగా మారిపోయే 24 నుంచి 28 వరకు లాంటి చోట్ల, లెక్క ముగిసిన చివరి స్థితిని బల్ల మీద పెట్టి అక్కడి నుంచి మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి.

అలాంటి చివరి స్థితే 28...సి×బి6. తెల్లకు ఎ2, బి2, డి3 బంట్లు, ఎ1లో ఏనుగు. నల్లకు ఎ7, బి6, ఎఫ్7, హెచ్5 బంట్లు, హెచ్8లో ఏనుగు. ఒక బంటు ఎక్కువ, అంతే. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో (కొద్ది పావులే మిగిలిన చివరి దశలో) ఒక బంటు ఆధిక్యం ఎన్నోసార్లు గాలిలో కలిసిపోతుందని అందరికీ తెలిసిందే. 28లో ఎ బంటుతో కాకుండా సి బంటుతో గుర్రాన్ని కొట్టడంలోనే తర్వాతి పథకం ఉంది: సి వరుస ఖాళీ అయింది, ఏనుగుకు అదే రహదారి.

29. ఏనుగు ఎఫ్1, రాజు ఇ7, 30. ఏనుగు ఇ1+, రాజు డి6, 31. ఏనుగు ఎఫ్1, ఏనుగు సి8, 32. ఏనుగు×ఎఫ్7, ఏనుగు సి7; 33. ఏనుగు ఎఫ్2, రాజు ఇ5, 34. ఎ4, రాజు డి4, 35. ఎ5, రాజు×డి3, 36. ఏనుగు ఎఫ్3+, రాజు సి2, 37. బి4, బి5, 38. ఎ6, ఏనుగు సి4, 39. ఏనుగు ఎఫ్7, ఏనుగు×బి4, 40. ఏనుగు బి7, ఏనుగు జి4+, 41. రాజు ఎఫ్3, బి4, 42. ఏనుగు×ఎ7, బి3. తెల్ల ఓటమి ఒప్పుకుంది.

30...రాజు డి6 ఎక్కువ ఉన్న బంటును చేజేతులా వదిలేసే ఎత్తు. ఎఫ్7ను పట్టుకుని కూర్చుంటే నల్ల రాజో ఏనుగో కాపలాదారుగా మిగిలిపోతుంది, తెల్ల ఏనుగు పక్కల నుంచి చెక్‌లు ఇస్తూ డ్రాకు లాగుతుంది. బెర్లినర్ బంటు ఇచ్చి రాజును నడిబల్లకు, ఏనుగును సి వరుసకు తెచ్చుకున్నాడు. 32లోనూ ఆశ చంపుకోవాల్సి వచ్చింది: ఏనుగు సి2 చెక్ ఇచ్చి బి2 బంటును తింటే, తెల్ల ఎ7ను తింటుంది, బంట్లు చకచకా కరిగిపోతాయి. 32...ఏనుగు సి7 నిమ్మళంగా మార్పిడికి రమ్మంటుంది. తెల్ల ఒప్పుకుంటే 33. ఏనుగు×సి7, రాజు×సి7 అయ్యాక బంట్లు చెరో మూడు, సమానమే. కాని హెచ్5 బంటు దూరంగా, అడ్డులేకుండా ఉంది. దాన్ని తినడానికి తెల్ల రాజు మూడు ఎత్తులు పక్కకు నడిస్తే, నల్ల రాజు డి3కి వెళ్లి అక్కడి నుంచి బి2, ఎ2 బంట్లను ఊడ్చుకుంటుంది. అందుకే ఎస్ట్రిన్ 33. ఏనుగు ఎఫ్2 వేశాడు. నల్ల రాజు దానికీ ఆగకుండా ఇ5, డి4, డి3 గళ్ల మీదుగా నేరుగా లోపలికి నడిచింది.

40వ ఎత్తుకు వచ్చేసరికి నల్లకు బి4లో ఏనుగు, సి2లో రాజు, ఎ7, బి5, హెచ్5 బంట్లు. తెల్లకు మిగిలింది ఎ6 బంటొక్కటే, ఏనుగు బి7లో. బి5 బంటు ముందుకు కదలాలంటే దారిలో సొంత ఏనుగే అడ్డు. దాన్ని పక్కకు తీస్తే ఎటు తీయాలి? 40...ఏనుగు జి4+. చెక్ కాబట్టి తెల్లకు ఆ క్షణంలో వేరే పని పెట్టుకునే వీల్లేదు. 41. రాజు ఎఫ్3 ఏనుగు పక్కకే వచ్చి నిలబడింది, కాని కొట్టలేదు. జి4కు హెచ్5 బంటు కాపలా. 41...బి4 తర్వాత తెల్ల ఏనుగు ఆ బంటునూ కొట్టలేదు. నాలుగో అడ్డవరుస పొడుగునా ఖాళీ, జి4 ఏనుగు దాన్ని దూరం నుంచే కాస్తోంది.

42...బి3 తర్వాత 43. ఏనుగు సి7+ అంటే ఏనుగు సి4 అడ్డుపడుతుంది. 43. ఏనుగు బి7, బి2, 44. ఎ7 అంటే ఏనుగు ఎ4 వచ్చి ఎ బంటును వెనక నుంచి పట్టుకుంటుంది. 45. ఏనుగు×బి2+, రాజు×బి2 అయ్యాక ఎ7 బంటూ పోతుంది, నల్లకు ఏనుగూ హెచ్5 బంటూ మిగులుతాయి. 21వ ఎత్తులో ఒక శకటును అదిలించడానికి హెచ్5కు వెళ్లిన ఆ బంటు, తెల్ల ఓటమి ఒప్పుకునే దాకా అక్కడి నుంచి కదల్లేదు.